సినిమా చదువు, ఇంటి తెలుగు: షోలాపూర్ నేత పేటల నుండి ఒక చరిత్ర పాఠం



గత వేసవిలో ఒక సాయంకాలం ఒక మరమగ్గాల కార్మికుడు తన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆ అమ్మాయి చిన్న తరగతులలో నా దగ్గర తెలుగు చదువుకున్నది. ఇప్పుడు పన్నెండవ తరగతి పూర్తి చేసింది. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. తండ్రి ఇంకా కూర్చోకముందే అడిగాడు.

“సారూ, సినిమాకు గూడ డిగ్రీ ఉంటదా? ఈ పిల్ల కథలు రాసే చదువు చదువుతదట. వేరేది వద్దంటున్నది. మీరన్నా జెర నచ్చజెప్పుండ్రి.”

నన్ను అడిగినది సలహా కాదని, తన మాటకు బలం చేకూర్చమనియేనని నాకు అర్థమైనది. నిజం చెప్పాలంటే నా నోటి చివరి వరకు ఆ మాటే వచ్చింది. నర్సింగో, బి.కామో చేరమ్మా, సినిమాలు మనవంటి వారికి కావు అని చెప్పి పంపివేయవచ్చు. కాని ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపులో ఒక పాత బాకీ గుర్తుకు వచ్చింది. “వారం రోజులు ఆగి రండి” అని చెప్పి పంపించాను. ఆ వారంలో నేను చదివి, గుర్తు చేసుకొని, కూర్చుకున్న సంగతులే ఈ వ్యాసం. నేను డి.ఎడ్. చదివిన బడిపంతులును మాత్రమే; సినిమా పండితుడను కాను. అయినను ఈ చరిత్రలో మన తెలుగు బడికి ఒక స్థానం ఉన్నదని, దానిని మనమే గమనించలేదని నాకు తోచింది.

చదువు కాని కాలం

సినిమా మొదట చదువు కాదు, పని. మన పేటలలో పిల్లవాడు మగ్గం దగ్గర కండెలు అందిస్తూ, తెగిన పోగులు ముడివేస్తూ నేత నేర్చుకున్నట్లే, సినిమా వారు కూడా స్టూడియోలో చిన్న పనులు చేస్తూ ఆ విద్య నేర్చుకునేవారు.

దీనికి తెలుగువారిలో మంచి ఉదాహరణ ఎల్.వి. ప్రసాద్ గారు. ఏలూరు సమీపాన సోమవరప్పాడులో 1908లో పుట్టిన ఆయన యౌవనంలోనే ఇల్లు విడిచి బొంబాయి చేరి, స్టూడియోలలో చిల్లర పనులతో జీవితం ప్రారంభించారు. 1931లో వచ్చిన ‘ఆలం ఆరా’, అదే సంవత్సరం వచ్చిన ‘కాళిదాస్’, 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’, అనగా హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించారు. తరువాత పెద్ద దర్శకులై, నిర్మాతలై, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. ఆయన చేతిలో ఏ పట్టా లేదు.

ఇక్కడ మహారాష్ట్రలో ఉన్న మనము గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. హెచ్.ఎం. రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ తయారైనది మద్రాసులోనో, హైదరాబాదులోనో కాదు, బొంబాయిలో. తెలుగు సినిమాకు మాట వచ్చినది ఈ రాష్ట్రపు గడ్డ మీదనే.

పూణేలో మారిన మార్గం

ప్రపంచంలో సినిమాను బడిలో నేర్పవచ్చునని మొదట నిరూపించినది మాస్కో. అక్కడ 1919లోనే చలనచిత్ర పాఠశాల ఏర్పడింది. మన దేశంలో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన సినిమా విచారణ సంఘం 1951లో తన నివేదికనిచ్చి, ఇటువంటి శిక్షణ సంస్థ అవసరమని సూచించింది. ఆ సూచన నెరవేరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1960లో పూణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైనది. అదే నేటి ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్.

ఆ సంస్థను నెలకొల్పిన స్థలం గమనించదగినది. 1929లో కొల్హాపూర్‌లో పుట్టి, 1933లో పూణేకు తరలివచ్చిన ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ ఆవరణమది. ‘సంత్ తుకారాం’ తీసిన స్టూడియో మూతబడిన తరువాత అదే నేల మీద పాఠశాల వెలిసింది. పని నేర్పిన కార్ఖానా, పాఠం చెప్పే బడిగా మారింది.

ఆ బడిలో 1960ల నాటి విద్యార్థులలో కేరళ నుండి వచ్చిన అడూర్ గోపాలకృష్ణన్ ఒకరు. ఆయన చదివినది చిత్రానువాద రచన, దర్శకత్వం. చదువు ముగించి ఆయన బొంబాయిలో స్థిరపడలేదు. కేరళకు తిరిగి వెళ్ళి, 1972లో ‘స్వయంవరం’ మలయాళంలో తీశారు. తరువాతి తరంలో మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటక నుండి గిరీశ్ కాసరవల్లి వచ్చారు. ఆయన మొదట చదివినది ఫార్మసీ. పూణేలో చదువు ముగించిన తరువాత 1977లో ‘ఘటశ్రాద్ధ’ కన్నడంలో తీశారు.

ఈ రెండు జీవితాలలో ఒకే నడక కనిపిస్తున్నది కదా! చదువుకున్నది పూణేలో. కాని సొంత కథ చెప్పవలసి వచ్చినప్పుడు వారు తిరిగి చేరినది అమ్మ నేర్పిన భాషకే. బడి వారికి కెమెరాను, కూర్పును నేర్పింది. చెప్పవలసిన మాటను మాత్రం ఇవ్వలేదు. అది వారు ఇంటి నుండే తెచ్చుకున్నారు.

తెలుగువారి సంగతి

తెలుగు సినిమాకు డిగ్రీ చదువుతో సంబంధం కొంత ఆలస్యంగా ఏర్పడింది. శేఖర్ కమ్ముల అమెరికాలో, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా చదువు చదివారు. ఆయన మొదటి చిత్రం ‘డాలర్ డ్రీమ్స్’ 2000లో వచ్చింది. అమెరికాకు వెళ్ళడమా, ఇక్కడ ఉండడమా అని కొట్టుమిట్టాడే హైదరాబాదు యువకుల కథ అది. ఇంద్రగంటి మోహనకృష్ణ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం, కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయంలో సినిమా చదివారు. ఆయన మొదటి చిత్రం ‘గ్రహణం’ 2004లో వచ్చింది. దానికి ఆధారం చలం రాసిన ‘దోషగుణం’ కథ.

ఈ రెండింటికీ దర్శకుని తొలి చిత్రానికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ పురస్కారం లభించింది. విదేశాలలో చదివి వచ్చినవారు మొదటి అడుగుకు ఎంచుకున్నది ఒకరు తన ఊరి యువకుల ఊగిసలాటను, మరొకరు పాత తెలుగు కథను. చలం కథ చదవలేని విద్యార్థి కెనడాలో ఎంత చదివినను ‘గ్రహణం’ తీయగలిగేవాడా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుగు ఉపాధ్యాయులుగా మీకే తెలుసు.

ఇప్పుడు ఈ చదువు కోసం సముద్రాలు దాటనవసరం లేదు. కోల్‌కతాలో సత్యజిత్ రే పేరిట 1995లో మరొక కేంద్ర సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో 2011లో అక్కినేని కుటుంబం స్థాపించిన అన్నపూర్ణ సంస్థలో, జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీలు చదవవచ్చును. అయితే ఈ వ్యాసానికి ముఖ్యమైన సంగతి ఈ పెద్ద నగరాలది కాదు. అది మన షోలాపూర్ జిల్లాది.

మన జిల్లా పిల్లవాని పరీక్ష చిత్రం

కర్మాళా తాలూకాలోని జేవూర్ గ్రామం షోలాపూర్ నుండి పూణే వెళ్ళే రైలు మార్గంలోనే ఉన్నది. అక్కడ 1977లో ఒక వడ్డెర కుటుంబంలో పుట్టినవారు నాగరాజ్ మంజుళే. ఆయన మొదట పూణే విశ్వవిద్యాలయం నుండి మరాఠీలో ఎం.ఏ. చేశారు. కవిత్వం రాశారు. తదుపరి అహ్మద్‌నగర్‌లోని (2024 నుండి అహిల్యానగర్) న్యూ ఆర్ట్స్ కళాశాలలో కమ్యూనికేషన్ స్టడీస్ ఎం.ఏ.లో చేరారు. అది పూణే ఇన్‌స్టిట్యూట్ వంటి ప్రఖ్యాత సంస్థ కాదు. జిల్లా కేంద్రంలోని ఒక మామూలు కళాశాల.

ఆ చదువులో భాగంగా ఆయన సుమారు పదిహేను నిమిషాల చిత్రం ఒకటి తీశారు. పేరు ‘పిస్తుల్యా’. బడికి వెళ్ళాలని తపించే ఒక పేద పిల్లవాని కథ. తోటి పిల్లలు పుస్తకాల సంచులతో బడికి పోతుంటే వాడు చూస్తూ ఉంటాడు. ఆకలి వానిని దొంగతనం వైపు నెడుతుంది. ఆ పిల్లవానిగా నటించిన సూరజ్ పవార్ తరువాత ‘ఫండ్రీ’, ‘సైరాట్’ చిత్రాలలోనూ కనిపించాడు.

2010 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో, కథేతర చిత్రాల విభాగంలో దర్శకుని తొలి చిత్రంగా ‘పిస్తుల్యా’ ఎంపికైనది. ఇప్పుడు, మిత్రులారా, కొంచెం ఆగి చదవండి. ఆ పురస్కారాల జాబితాలో ఈ చిత్రం పేరు పక్కన భాష అన్నచోట రెండు పేర్లున్నవి. ఒకటి మరాఠీ. రెండవది తెలుగు.

ఆ తెలుగు ఎక్కడిది? ఏ తెలుగు వాచకం నుండీ రాలేదు. మహారాష్ట్రలోని వడ్డెరలు తరతరాలుగా రాళ్ళు కొడుతూ, మట్టి పనులు చేస్తూ ఊరూరా తిరిగినవారు. వారి ఇంటి భాషను భాషావేత్తలు తెలుగు శాఖలోనే చేర్చుతారు. వారు మనకన్నా ముందో వెనుకో ఈ ప్రాంతానికి వచ్చినవారు. మనవలె పేటలు కట్టుకొని, గుళ్ళు కట్టుకొని, విద్యాసంస్థలు పెట్టుకొని స్థిరపడే అవకాశం దొరకనివారు. మన పద్మశాలి పెద్దలు 19వ శతాబ్దం నుండి తెలంగాణ జిల్లాల నుండి వచ్చి, 1877లో మొదలైన పాత మిల్లు నీడన, చేనేత మగ్గాల మీద ఈ ఊరి తూర్పు భాగాన్ని నిర్మించుకున్నారు. మార్కండేయుని గుడి కట్టారు, తెలుగు బడులు పెట్టారు. షోలాపూర్ తెలుగు అనగానే మనకు మన పేటలే గుర్తుకు వస్తాయి. వడ్డెర వాడల తెలుగు ఎవరికీ గుర్తుకు రాదు.

మంజుళే గారి తరువాతి కథ మీకు తెలిసినదే. 2013 నాటి ‘ఫండ్రీ’ శీర్షిక కైకాడీ భాషలో పంది అని అర్థమిచ్చే మాట. ‘డాలర్ డ్రీమ్స్’కు, ‘గ్రహణా’నికి వచ్చిన ఇందిరాగాంధీ పురస్కారమే దానికీ వచ్చింది. అందులో ఒక ఘట్టం ప్రతి ఉపాధ్యాయుడూ చూడదగినది. జబ్యా అనే పిల్లవాడు కుటుంబంతో కలిసి పందిని తరుముతుండగా బడిలో జాతీయ గీతం మొదలవుతుంది. అందరూ కదలక నిలబడిపోతారు. పంది మాత్రం తప్పించుకొని పోతుంది. ఒక్క సంభాషణ లేకుండా బడికి, ఆ కుటుంబపు బతుకుకు మధ్య ఉన్న దూరమంతా అక్కడ కనిపిస్తుంది. 2016 ఏప్రిల్ 29న విడుదలైన ‘సైరాట్’ కర్మాళా ప్రాంతంలోనే తీసినది. కులాల గోడ దాటి పారిపోయిన ఆ కథలోని జంట చేరుకునేది తెలుగు నేలకే, హైదరాబాదుకు.

నా ఎర్ర సిరా

పైన పాత బాకీ అన్నాను. ఇప్పుడు అది చెప్పాలి.

సుమారు పాతికేళ్ళ క్రితం నా తరగతిలో ఒక వడ్డెర బాలుడు ఉండేవాడు. తండ్రి రాళ్ళ పనికి వచ్చి మా పేట చివర గుడిసె వేసుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అని పిల్లవానిని తెలుగు బడిలో వేశాడు. ఒకసారి ‘మా ఇల్లు’ అన్న అంశం మీద పది వాక్యాలు రాయమన్నాను. వాడు పది కాదు, రెండు పుటలు రాశాడు. అన్నీ తన ఇంటి మాటలలో రాశాడు. క్రియలు వేరు, అంత్యాలు వేరు, కొన్ని పదాలు నాకే తెలియవు. నేను ఎర్ర సిరాతో ప్రతి వరుసనూ కొట్టివేశాను. అంతటితో ఆగలేదు. తప్పులు అందరికీ తెలియాలని వానిచేత గట్టిగా చదివించాను. తరగతి నవ్వింది. నేను ఆ నవ్వును ఆపలేదు.

తరువాత వాడు నా తరగతిలో నోరు విప్పలేదు. దీపావళి సెలవుల తరువాత బడికే రాలేదు. పని కోసం ఊరు మారారన్నారు. నేను హాజరు పట్టీలో గీత గీసి ఊరుకున్నాను.

చాలా ఏళ్ళకు ‘పిస్తుల్యా’ చూసినప్పుడు, బడి వైపు చూస్తూ నిలబడిన ఆ పిల్లవాని ముఖంలో నాకు వీడే కనిపించాడు. ఆ రెండు పుటలలో ఏమున్నదని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. రాళ్ళు వేడెక్కి రాత్రి పడుకోవడానికి వీలులేదన్న సంగతి ఒకటి గుర్తున్నది. వర్షం వస్తే తల్లి పొయ్యిని ఎత్తుకొని తిరుగుతుందన్నది మరొకటి. మిగిలినదంతా నా సిరా కింద పోయింది. ఏ సినిమా బడిలో చేరగోరినవారికైనా కావలసిన సరుకు అదే. నేను దానిని తప్పులుగా లెక్కపెట్టాను.

ఇది చెప్పి సానుభూతి పొందాలని కాదు. ప్రమాణ భాష నేర్పవద్దని కూడా నేను అనను; అది నేర్పడం మన ఉద్యోగ ధర్మం. కాని పిల్లవాడు తెచ్చిన భాషను పక్కన ఉంచి, దాని పక్కన రెండవ దానిని చేర్చవచ్చును. ఉన్నదానిని చెరిపి కొత్తది రాయనవసరం లేదు. ఈ చిన్న తేడా నాకు డి.ఎడ్.లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ చదువులో ఏముంటుంది?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు వస్తాను. చిత్రానువాదం అంటే ఏమిటి? మన పేటవారికి చెప్పడం సులభం. షోలాపూర్ చద్దరు మీది నెమలి మగ్గం మీద దానంతట అది పుట్టదు. ముందు గళ్ళ కాగితం మీద నమూనా గీస్తారు. ఏ గడిలో ఏ దారం పైకి లేవాలో నిర్ణయిస్తారు. ఆ లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల వరుసను బట్టి జకార్డు దారాలను లేపుతుంది. సినిమాకు చిత్రానువాదం ఆ గళ్ళ కాగితం వంటిది. చూసేవారికి అది కనిపించదు. అందులో పొరపాటు ఉంటే మాత్రం చద్దరంతా పొరపాటే.

అందులో మొదటి నియమం ఒకటే: తెర మీద కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి. ‘అమ్మ బాధపడింది’ అని రాస్తే కెమెరా దేనిని చూపాలి? అమ్మ ఏమి చేసిందో, ఏమి చేయకుండా ఆగిపోయిందో రాయాలి. ఇది మంచి గద్యానికి కూడా వర్తించే నియమమే.

పూణే ఇన్‌స్టిట్యూట్‌లో దర్శకత్వం, చిత్రానువాద రచన కలిసిన మూడేళ్ళ చదువు ఉన్నది. చిత్రానువాదానికే ప్రత్యేకించిన చదువూ ఉన్నది. ఏ డిగ్రీ ఉన్నవారైనా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. కాబట్టి పన్నెండు తరువాత వెంటనే అక్కడికి వెళ్ళే మార్గం లేదు. పన్నెండు తరువాత నేరుగా సినిమా డిగ్రీ చదవాలంటే లలితకళల డిగ్రీలు ఇచ్చే కళాశాలలు చూసుకోవాలి. ప్రైవేటు కళాశాలలలో ఫీజులు నేత కార్మికుని సంపాదనకు అందేవి కావు. ప్రభుత్వ సంస్థలలో ఫీజు వాటికన్నా తక్కువ, కాని సీట్లు చాలా కొద్ది. చదువు ముగిసిన వెంటనే ఉద్యోగం దొరుకుతుందని ఎవరు చెప్పినను నమ్మవద్దు. అది దాచి పిల్లలను ప్రోత్సహించడం కూడా ఒక విధమైన మోసమే.

కాని మంజుళే గారి మార్గం మరొకటి చూపుతున్నది. ఆయన మొదట తీసుకున్నది భాషా సాహిత్యాల పట్టా. కెమెరా తరువాత వచ్చింది. తెలుగులోనో, మరాఠీలోనో బి.ఏ. చేసి, ఆ మూడేళ్ళలో చదివి, రాసి, ఆ తరువాత ప్రవేశ పరీక్షకు కూర్చున్న విద్యార్థి ఏమీ పోగొట్టుకోడు. పట్టా చేతిలో ఉంటుంది. పరీక్ష తప్పినను బి.ఎడ్. తలుపు, ఇతర ఉద్యోగాల తలుపు మూసుకుపోవు.

బడిలో మనము చేయగలిగినది

ఉపాధ్యాయ మిత్రులకు నా అనుభవంలో పనికివచ్చిన మూడు అభ్యాసాలు మనవి చేస్తాను. వీటికి కెమెరా అక్కరలేదు, డబ్బు అక్కరలేదు.

మొదటిది. పిల్లలు ఇంట్లో పావుగంట సేపు విన్న మాటలను విన్నవి విన్నట్లు రాసుకొని రావాలి. నాయనమ్మ తెలుగు, నాన్న మరాఠీ, అన్న హిందీ కలిసినను దిద్దకూడదు. అది సంభాషణ రచనకు తొలి పాఠం. ఆ తరువాత అదే సంభాషణను పత్రికా భాషలోకి మార్చమనవచ్చు. అది వ్యాకరణ పాఠం. రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉండాలి.

రెండవది. వాచకంలోని ఒక కథను దృశ్యాలుగా విడగొట్టించండి. ఏ దృశ్యం ఎక్కడ, ఏ వేళ, ఎవరెవరున్నారు, ఏమి జరిగింది అన్న నాలుగు గడులు చాలు. కథ అర్థం కాని పిల్లవాడు ఈ పట్టిక నింపలేడు. కాబట్టి ఇది మంచి పరీక్ష కూడా.

మూడవది. భావాల పేర్లు నిషేధించి ఒక పేరా రాయించండి. కోపం, సంతోషం, దుఃఖం అన్న మాటలు రాకూడదు. చేతులు, కళ్ళు, వస్తువులు మాత్రమే మాట్లాడాలి. నేత ఇంటి పిల్లలు ఇందులో మనలను ఆశ్చర్యపరుస్తారు. పనిచేసే చేతులను వారు పుట్టినప్పటి నుండి చూస్తున్నారు.

మన బడులలో తెలుగుకు పిల్లలు తగ్గిపోతున్నారని సమావేశాలలో వాపోతాము. తెలుగు చదివితే ఏమి వస్తుందని తల్లిదండ్రులు అడిగినప్పుడు సంస్కృతి, సంప్రదాయం అని జవాబు చెబుతాము. ఆ జవాబు వారికి చాలడం లేదు. మన జిల్లా గ్రామం నుండి వెళ్ళిన విద్యార్థి ఒకడు తన పరీక్ష కోసం తీసిన చిత్రంలో ఇంటి తెలుగును దాచుకోలేదని, దానికి దేశపు పురస్కారం వచ్చిందని ఇకపై వారికి చెప్పండి.

వారం తరువాత

అన్న ప్రకారం తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. పై సంగతులన్నీ నాకు చేతనైనట్లు చెప్పాను. ఫీజుల సంగతి దాచలేదు. ముందు బి.ఏ. చేయమని, ప్రతి నెలా ఒక కథ రాసి నాకు చూపమని అమ్మాయికి చెప్పాను. తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. “మూడేండ్లు అంటున్నరు గదా సారూ. మూడేండ్లల్ల దానికే బుద్ధి మారుతదేమో చూద్దాం” అన్నాడు. అది ఒప్పుకోలో, వాయిదానో నేను అడగలేదు.

అమ్మాయి సంచిలో నుండి నాలుగు కాగితాలు తీసి ఇచ్చింది. తల్లి రోజంతా చుట్టిన బీడీలు కార్ఖానాకు తీసుకువెళ్ళడం, అక్కడ బాగాలేవని కొన్నింటిని పక్కకు తీసివేయడం, తిరుగు దారిలో తల్లి ఏమీ మాట్లాడకపోవడం అందులో ఉన్నవి. దృశ్య వివరణ మరాఠీలో రాసింది. తల్లి మాటలు మాత్రం తెలుగులో, మా పేట తెలుగులో ఉన్నవి.

“సార్, అమ్మ మాటలు గిట్లనే ఉండనియ్యాల్నా, పుస్తకంల ఉన్నట్టు మార్చాల్నా?” అని అడిగింది.

అలవాటు కొద్దీ నా చేయి జేబులోని ఎర్ర కలం మీదికి వెళ్ళింది. దానిని అక్కడే ఉంచి, నల్ల కలంతో ఒక అక్షరదోషం మాత్రం దిద్దాను.

“మీ అమ్మ ఎట్లంటదో అట్లనే ఉండనియ్యి బిడ్డా” అన్నాను.

మీ తరగతిలో కూడా ఇటువంటి కాగితాలు తెచ్చే పిల్లలుంటారు. కలం తీసే ముందు ఒకసారి పూర్తిగా చదవండి. పిల్లలు మీకు ఏమి రాసి చూపించారో నాకు తెలియజేస్తే సంతోషిస్తాను.

సెలవు.